యారాలికి నేను పెంచిన మందు

నా గుండెలో ఇనుప వాల్వు పెట్టి చాలా ఏళ్లయింది. రెండేళ్ల కింద మా మరిది భార్యకు, అంటే నా యారాలికి కూడా అదే ఆపరేషన్ అయింది. రక్తం గడ్డకట్టి వాల్వుకు అడ్డుపడకుండా ఇద్దరికీ ఒకటే మందు రాశారు. నాకు ఐదు మిల్లీగ్రాముల గోలీ, ఆమెకు రెండు మిల్లీగ్రాములది.

మా ఊరు సురంగల్‌లో మా రెండు కుటుంబాలకూ వంటిల్లు ఒక్కటే. వడ్డించేది నేనే. మనిషిని చూసి ఎంత పట్టునో అంతే పెడతాను, మెతుకు పారేయనివ్వను. గోలీలు కూడా నా చేతి మీదుగానే ఇచ్చేదాన్ని. నేను బక్కదాన్ని, యారాలు నాకు రెండింతలుంటుంది. బక్కదానికి ఐదు, ఆమెకు రెండా? రాసినాయన పొరపాటు పడ్డాడనుకున్నాను. ఆమె గోలీలు అయిపోయిన రోజు మొయినాబాద్ పోయి తెచ్చే బదులు నావే ఇచ్చాను.

"అక్కా, నాకు రెండే అన్నరు గద?"

"బర్రెకు, మేకకు ఒక్కతీరు దాణా పెడ్తమా? ఏసుకో."

"బర్రె నేనేనా?"

"మరి నేనా?"

నవ్వి మింగింది. తెల్లారి నుంచీ నావే ఇచ్చాను.

వారం తిరిగేసరికి, పొద్దున పండ్లు తోముకుంటుంటే ఆమె చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు. నోటికి కొంగు అదిమిపెట్టి ఆటోలో మొయినాబాద్ దాకా, అక్కడి నుంచి పట్నం దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, మందు ఎవరు పెంచారని అడిగింది. నేనే అన్నాను.

"ఒళ్లు చూసి పెంచే మందు కాదవ్వా ఇది. కొందరి ఒంట్ల జల్ది అరిగిపోతది, కొందరి ఒంట్ల నిలిచిపోతది. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతోనే వచ్చే గుణం అది. ఈమెకు మెల్లగ అరుగుతది. ఇంక నాలుగు రోజులైతే తలల రక్తం కారేది."

నలభై ఏళ్లుగా ఒకే కుండ అన్నం తింటున్నాం. ఇంట్లో ఎవరికి ఏది ఎంత కావాలో నాకు తెలియనిది లేదనుకున్నాను. ఆమె తన అమ్మానాయనల నుంచి తెచ్చుకున్నది నా కంటికి కనబడేది కాదు.

నాలుగో రోజు ఇంటికి పంపారు. పెద్దదాన్నని నర్సు గోలీల కవరు నాకే ఇచ్చింది. నేను దాన్ని యారాలి చేతిలో పెట్టాను.

"ఇగ నువ్వే చూసి ఏసుకో. నన్నడగకు."

"మరి అన్నం?"

"అన్నం నేనే పెడ్త."

"అయితే జర తక్కువ పెట్టు, అక్కా."

సరే అన్నాను. అంతకుముందు ఆమె అడిగిన దానికి నేను సరే అన్నట్టు గుర్తు లేదు.