ఇద్దరు నరసింహస్వాముల నడుమ పెళ్లిచూపులు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఫోన్లు లేని కాలమనుకునేరు. కాదు. ఆ రోజుల్లో మా ఇంట్లో మనిషికొక ఫోను ఉండేది. మా నాయనమ్మకు కూడా ఉండేది (అది మోగితే ఎత్తకుండా కొంగులో చుట్టి దాచేది, చప్పుడు బయటికి రాకూడదని). కాబట్టి ఆ ఆదివారం మాకు పట్టిన గతికి కాలాన్ని తిట్టే వీల్లేదు. ఫోన్లు లేకపోయి ఉంటే కాసేపు చూసి, విసుగొచ్చి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరేవాళ్లం. ఫోన్లున్నాయి కాబట్టి అందరూ గంటకోసారి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఊరి పేరు ఒక్కటి మాత్రం ఎవరి నోటా రాలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

అప్పటికి నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. జీతం గురించి చెప్పుకోవడానికేమీ లేదు గాని, నేను బోర్డు వైపు తిరిగినా తొమ్మిదో తరగతి పిల్లలు కిక్కురుమనేవాళ్లు కాదు. నాకది రాజ్యమేలినట్టుండేది. సంబంధాలు వస్తూనే ఉన్నాయి. వచ్చినవాళ్లంతా నా చదువును మెచ్చుకుని, ఉద్యోగం మానేయమనేవాళ్లు. "పెళ్లయినంక సూద్దాం లే" అన్నవాళ్లు కూడా ఉన్నారు, దానర్థం కూడా అదే. అట్లాంటప్పుడు పెన్‌పహాడ్‌లో ఉండే మా మేనమామ ఒక కోదాడ సంబంధం తెచ్చాడు. అబ్బాయికి సిమెంటు ఫ్యాక్టరీలో పని. కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సులకు కొదవ లేదు, పొద్దున ఎక్కితే బడి గంట కొట్టేలోపు దిగొచ్చు. పైకి "మీ ఇష్టం" అన్నాను గాని, లోపల బస్సుల టైములన్నీ కనుక్కుని పెట్టుకున్నాను. చిక్కేమిటంటే చూపులనుకున్న ఆదివారం దాటితే మర్నాటి నుంచి మూఢం. ఆ ఆదివారం చూపులు కాకపోతే మళ్లీ నెలల తరబడి ఎవరూ పెళ్లి మాటెత్తరు. అంతవరకు ఆ సంబంధం మా కోసం కాచుకుని కూర్చోదు.

"ఉద్యోగం ముచ్చట నేను సమయం సూసి మెల్లగ అడుగుత బిడ్డా. నువ్వు మాత్రం నోరు తెరవకు" అన్నాడు నాయన. సరేనన్నాను. నోరు మూసుకోవడం నాకు చేతకాదని ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే అమ్మ ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పింది.

చూపులు ఇంట్లో వద్దు, గుడిలో అయితే కుదరకపోయినా వాడకట్టుకు తెలియదని మామ ఉపాయం చెప్పాడు. రెండు వైపులకూ తానే ఫోన్ చేసి, "కృష్ణ ఒడ్డుకు నర్సింహస్వామి లేడా, గాడ కలుసుకోండ్రి. దేవునికి మొక్కినట్టుంటది, ఊరు సూసినట్టుంటది" అన్నాడు. అని, తాను ఎవరిదో పెళ్లికి పోయి ఫోను బందు పెట్టుకున్నాడు. మిర్యాలగూడ చుట్టూ చుట్టాలున్న మాకు కృష్ణ ఒడ్డున నర్సింహస్వామి అంటే వాడపల్లే. కోదాడ వాళ్లకు మట్టపల్లి. రెండూ కృష్ణ ఒడ్డే, రెండు చోట్లా నర్సింహస్వామే. నడుమ రెండు గంటల దారి. ఇంకో నర్సింహస్వామి ఉన్నాడన్న సంగతి ఆ రోజు పొద్దున ఇటు మాకూ గుర్తు రాలేదు, అటు వాళ్లకూ గుర్తు రాలేదు.

కనీసం బయలుదేరేటప్పుడైనా ఊరి పేరు బయటపడాల్సింది. కిరాయి కారు డ్రైవరు స్టీరింగు పట్టుకుని, "ఎక్కడికమ్మా?" అన్నాడు. అంతే, నాయనమ్మ తలుపు తీసి దిగిపోయింది. "శుభమా అని పోతుంటే ఎక్కడికని అడుగుతవా? దిగుండ్రి, దిగుండ్రి, అందరు దిగుండ్రి!" అందరం దిగి, లోపలికి పోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ ఎక్కాం. ఆ డ్రైవరు ఇక ఆ రోజంతా నోరు విప్పితే ఒట్టు. నాయన కూడా ఊరి పేరెత్తకుండా వేలితోనే దారి చూపించాడు.

వాడపల్లి ఎండలో నిప్పుల మీదున్నట్టుంది. నాకు పట్టుచీర కట్టారు ("ఊరికే గుడికి పోతున్నట్టు మామూలుగ ఉండాలె" అంటూనే). నాయనకు కంగారు పుడితే చరిత్ర చెప్పడం అలవాటు. ఇది రాజులేలిన జాగ అన్నాడు, కోట ఉండేదన్నాడు, అగస్త్యుడు వచ్చాడన్నాడు. గర్భగుడిలో రెండు దీపాలు చూపించాడు. కిందిది స్వామి ఊపిరికి కదులుతుందట, పైది కదలదట. "సూడు బిడ్డా, మంచిగ సూడు." చూశాను. నిజంగానే కదులుతోంది. వేరే రోజైతే చేతులెత్తి మొక్కి అక్కడే కూర్చునేదాన్ని. ఆ రోజు మాత్రం నా కళ్లు దీపం మీద, చెవులు నాయన ఫోను మీద ఉన్నాయి.

ఫోను మోగింది. నాయన స్పీకరు పెట్టాడు (ఎప్పుడూ అంతే, ఊరంతా వినాలి). "అన్నగారూ, మేం వచ్చినం. గుడి ముందటనే ఉన్నం" అన్నాడు నాయన.

"మేమూ గుడి ముందే ఉన్నామండీ! కొబ్బరికాయల కొట్టు పక్కన" అన్నాడు అబ్బాయి తండ్రి.

కొబ్బరికాయల కొట్టు పక్కన నిజంగానే ఒక కుటుంబం నిలబడి ఉంది. తెల్లచొక్కా పెద్దాయన, పెద్దావిడ, నడుమ చక్కటి కుర్రాడు. నాయన రెండు చేతులూ జోడించి పోయాడు. వాళ్లూ ఎవరో తెలిసినవాళ్లే అనుకుని నవ్వారు. నాయనమ్మ ఆ కుర్రాణ్ని కిందినుంచి పైదాకా చూసి, "పిలగాడు మంచిగున్నడు, జర బక్కగున్నడు, మన ఇంట్ల తింటే అయితడు" అని అందరికీ వినబడేటట్టే అంది. నేను తలవంచుకుని, నేర్పిన ప్రకారం కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. అంతలో లోపలినుంచి అప్పుడే గుండు చేయించిన చంటివాణ్ని ఎత్తుకుని ఒకావిడ వచ్చి, "ఏందయ్యా, ఎవరు వీళ్లు?" అని ఆ కుర్రాణ్ని అడిగింది. ఆమె నన్ను చూసిన చూపు నా పగవాళ్లకు కూడా వద్దు.

మళ్లీ ఫోను. ఈసారి వాళ్లు నది మెట్ల దగ్గరికి దిగారట. మేమూ దిగాం. అడుగు పెడితే కాలుతోంది. వాళ్లు లేరు. "మెట్ల కాడనే ఉన్నం గద!" అన్నాడు నాయన. "మేమూ మెట్ల మీదే ఉన్నామండీ, మీరు కనబడట్లేదు" అన్నాడాయన. ఇద్దరూ నీళ్ల వైపు తిరిగి ఫోన్లో ఒకరికొకరు చెయ్యి ఊపుకున్నారు. "నేను చెయ్యి ఊపుతున్న, కండ్లవడ్తలేదా?" అని మా నాయన. ఇంత దూరం వచ్చి శివుణ్ని చూడకపోతే ఎట్లా అని నాయనమ్మ మొండికేస్తే శివాలయం ఎక్కాం. లింగం నెత్తి మీది గుంటలో ఎప్పుడూ నీళ్లుంటాయట. పూజారి ఉద్ధరిణెతో తీసి చల్లాడు. ఆ రోజంతటికీ నాకు దొరికిన చల్లదనం అదొక్కటే. వాడపల్లిలో చూడదగ్గవన్నీ చూశాం, పెళ్లికొడుకును తప్ప.

చివరికి నాయన విసిగిపోయి, "అన్నగారూ, ఇట్ల కాదు గని, సక్కగ సంగమం కాడికి రండ్రి. కృష్ణల మూసీ కలిసే జాగ. గాడైతే తప్పిపోము" అన్నాడు.

అటువైపు ఆయన నది వైపు తిరిగి చూసుకున్నట్టున్నాడు. తరువాత నిదానంగా, "మూసీనా? ఇక్కడ మూసీ ఎక్కడుందండీ?"

"లేకపోవుడేంది? కండ్ల ముంగట్నే ఉంది!"

"ఏమండీ... మీరు వచ్చింది ఏ ఊరు?"

అప్పుడు, పొద్దున బయలుదేరిన తరువాత మొట్టమొదటిసారి, ఒక మనిషి ఊరి పేరు పలికాడు. మా అమ్మ ఆ మెట్టు మీదే చతికిలబడింది. నాయనమ్మ మాత్రం, "పొద్దుగల్ల ఆ పోరడు ఎక్కడికని అడిగిండు సూడు, గందుకే గిట్లయింది" అని డ్రైవర్ని తిట్టింది.

అక్కడితో అయినా సరిపోయేది. కాని ఇటు మా నాయన, అటు ఆయన, ఇద్దరూ మర్యాదస్తులు. "మీరు కదలకండ్రి, ఆడపిల్లోళ్లం, మేమే వస్తం" అని ఈయన. "అయ్యో, అంత మాటా! మీరుండండి, మేమే వస్తాం" అని ఆయన. ఎవరి మాట నెగ్గిందో తేలకముందే సిగ్నల్ పోయింది. ఎవరికి వాళ్లం మేమే నెగ్గామనుకుని బయలుదేరాం. మిర్యాలగూడలో రైసుమిల్లుల ముందు ధాన్యం లారీలు దారంతా ఆక్రమించి నిలబడి ఉన్నాయి. వాటి వెనక ఊక దుమ్ములో నా పట్టుచీర రంగు మారింది, మల్లెపూలు వాడిపోయాయి. హుజూర్‌నగర్ దాటాక సిగ్నల్ వచ్చింది, ఫోనూ వచ్చింది. వాళ్లు మిర్యాలగూడలో ఉన్నారట! ఎదురెదురుగా ఎక్కడో ఒకరినొకరం దాటుకుంటూ పోయామన్న మాట.

"అట్లనా! అయితే మీరు ఆడనే ఉండుండ్రి, మేం వెనుకకు..." అని నాయన మొదలుపెట్టాడు. ఇక నావల్ల కాలేదు. ఫోను లాక్కున్నాను. సూర్యుడు వాలుతున్నాడు, తెల్లవారితే మూఢం, వీళ్ల మర్యాదలకు నా బతుకు బస్సు తప్పిపోయేలా ఉంది.

"ఎవరూ వెనుకకు రారు! నేరేడుచర్ల. బస్టాండు ముందట. మీరు అటు నుంచి రండి, మేం ఇటు నుంచి వస్తం. ఇగ ఎవ్వరూ మర్యాదలు చెయ్యొద్దు!"

అవతల గొంతు మారింది. "ఎవరండీ మాట్లాడేది?"

"సూపులకు తోల్కొచ్చిన పిల్లను."

"నేను అబ్బాయినండీ" అన్నాడతను. "మీ నాన్నగారికి లొకేషన్ పంపించడం రాదా?"

"మీ నాయనకొస్తదా?"

ఫోను పెట్టేశాను. అమ్మ ముఖం పాలిపోయింది. "నోరు తెరవొద్దంటే!" అంది. నిజం చెప్పొద్దూ, నాక్కూడా భయమేసింది.

నేరేడుచర్లలో ఒక మిర్చిబజ్జీల కొట్టు ముందు బల్లల మీద నా పెళ్లిచూపులు జరిగాయి. అతని చెప్పు తెగిపోయింది, ఒక కాలికి మాత్రమే చెప్పు ఉంది. నా జుట్టు సగం విడిపోయి ఉంది. అందరికీ ఆకలి. పెద్దవాళ్లు గొంతు సవరించుకుని, వర్షాలు ఎట్లా ఉన్నాయి, ధాన్యం ధర ఎట్లా ఉంది అని మాట్లాడుతున్నారు. నాయన సమయం కోసం చూస్తున్నాడు. నాకు తెలుసు, ఆ సమయం రాదు. అంతలో అతను తండ్రితో, "త్వరగా కానివ్వండి నాన్నా, రేపు పొద్దున్నే షిఫ్టుంది నాకు" అన్నాడు.

పొద్దటి నుంచి కడుపులో కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "మీకొక్కరికేనా? నాకు రేపు బడి లేదా? పిల్లలకు పరీక్షలున్నయ్! ఈ పెళ్లి అయినా బడి ఉంటది, కాకున్నా ఉంటది!"

బజ్జీలు వేసేవాడు గరిటె ఆపాడు. అమ్మ కళ్లు మూసుకుంది. నాయన ప్లేటు కింద పెట్టాడు. ఖతం, పోయింది సంబంధం అనుకున్నాను.

అబ్బాయి తల్లి, వచ్చి కూర్చున్నప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడని మనిషి, నా ప్లేటులో ఇంకో బజ్జీ వేసింది. "ఉండదేంటమ్మా మరి? పరీక్షలప్పుడు టీచరు లేకపోతే ఎట్లా? తిను ముందు, చల్లారిపోద్ది" అంది. అంతే. నెలల తరబడి మా ఇల్లంతా భయపడిన ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు అంతే. అతను ఒంటికాలి చెప్పుతో నా వైపు చూసి నవ్వుతున్నాడు. నాకింకా కోపం పోలేదు, అందుకని నేను నవ్వలేదు.

మూఢం వెళ్లాక పెళ్లయింది. ఆ తరువాత చాలా ఏళ్లు కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దాను. ఇప్పుడు నేను పెద్దమనిషినయ్యాను. నాకేదైనా కావాలంటే ఇంట్లోవాళ్ల ముఖాలు చూస్తాను, వేళ చూస్తాను, మాటను పదిసార్లు మెత్తగా చేసుకుంటాను, చాలాసార్లు అడగకుండానే ఊరుకుంటాను. అప్పుడప్పుడు ఆ బల్ల దగ్గర విడిపోయిన జుట్టుతో, చేతిలో సగం కొరికిన బజ్జీతో, బస్టాండంతా వినేటట్టు అరిచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. జర ఒక్కసారి మా ఇంటికి రా తల్లీ, నాకొక మాట అడిగిపెట్టి పోదువు గాని, అని పిలవాలనిపిస్తుంది.