అమాస నాటి విమానం

మా అక్క గోదావరి చనిపోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లే. వాళ్లను చూసి మా బంధువులు ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. వాళ్ల టికెట్లు చేసింది అక్కే.

ఎనభైల్లో ఆమె బోధన్ బస్టాండుకు ఎదురుగా, మేడ మీద గదిలో టైపింగ్ నేర్పేది. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గుమాస్తాల పిల్లలు చాలామంది ఆమె దగ్గరే లోయరో హయ్యరో పరీక్ష పాసయ్యారు. టైపు మిషన్లకు కాలం చెల్లినప్పుడు వాటిని అమ్మేసి కంప్యూటర్లు తెచ్చింది. ఇంటర్నెట్ పెట్టించింది. రెండు వేల ఆరులో మొదటిసారి ఒక సైటులో దుబాయి టికెట్ చేసి, కాగితం తీసి ఇస్తే, చేయించుకున్న మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, గిది టికెట్టా, కరెంటు బిల్లా?"

"కరెంటు బిల్లయితె పట్టుకోంగనే షాక్ కొడుతుండె. జేబుల పెట్టుకో, తడపకు" అంది అక్క.

ఆమె పద్ధతి ఆమెదే. మూడు కంప్యూటర్లలో మూడు సైట్లు తెరిచేది. మూడింటిలోనూ అదే ఊరు, అదే తేదీ కొట్టి, డబ్బు కట్టే పేజీ దాకా పోయి ఆగేది. మొదట అందరికంటే తక్కువ చూపించిన సైటు అక్కడికి వచ్చేసరికి ఏవేవో రుసుములు కలిపేది. ఇంకొక దానిలో సామానుకు వేరుగా కట్టాలి. మరొకటి చవకే గానీ మధ్యలో ఎక్కడో పూట పూటంతా కూర్చోబెడుతుంది. కుర్చీ కుర్చీ మారుతూ ఆమె ఆ మూడింటినీ సరిచూస్తుంటే, సంతలో నాలుగు దుకాణాలు తిరిగి పసుపు బేరం చేస్తున్నట్టుండేది.

పక్కనున్న రెంజల్ నుంచి రాజేశ్వర్ వచ్చింది ఆ మరుసటి ఎండాకాలంలో. షార్జాలో ఒక గోదాములో కూర్చుని సామాను లెక్కరాసే పని అతనిది. సెలవు మీద వచ్చి, చెరుకు బండి కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతుక్కునేసరికి, తిరిగి పోవడానికి ఉన్న ఆరు నెలల గడువు దగ్గరపడింది. శుక్రవారం లోపల అక్కడ దిగకపోతే వీసా పోతుంది. ఆ కాలితో ఇక్కడ చెరుకు కొట్టలేడు, మూటలు మోయలేడు. అతను చేయగల పని షార్జాలో ఉన్న ఆ ఒక్కటే. వెంట తల్లి హన్మవ్వ కూడా వచ్చింది.

అక్క మూడు సైట్లూ వెతికింది. బొంబాయి మీదుగా ఒకటి చవకగా ఉంది. కానీ అక్కడ దిగి ఇంకో టెర్మినల్ దాకా పరుగెత్తాలి. కుంటికాలితో అది కుదరదు. హైదరాబాద్ నుంచి నేరుగా పోయేవి దాదాపు అన్నీ ధర రెట్టింపు. వాటిలో బుధవారంది ఒక్కటే అతనికి అందే ధరలో ఉంది.

హన్మవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "బుధారం అమాస గదనే?"

"అవు."

"వద్దు బిడ్డా. ఈని బాపు అమాస నాడే భీవండి బస్సెక్కిండు. మల్ల మా కడప తొక్కలే."

పక్క కంప్యూటర్ ముందున్న పిలగాడు నవ్వాడు. "అవ్వా, ఇమానానికి అమాసేంది, పున్నమేంది?"

"నీ టైమైపోయింది, లే" అంది అక్క అతనితో. అతనికి ఇంకా అరగంట ఉంది.

"అవ్వా, శుక్రారం దాటితె వీసా పోతదే" అన్నాడు రాజేశ్వర్.

"పోతె పోనియ్. నువ్వుంటవు గద."

అక్క కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది.

"హన్మవ్వా, సోమారం ఎట్లుంటది?"

"సోమారం మంచిదే."

"అయితె సోమారమే పోతడు. పరస్తానం పెడదాం."

మంచిరోజు చూసి ప్రయాణపు మూటను వేరే ఇంట్లో పెట్టివస్తే ఆ రోజే బయలుదేరినట్టు. తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. మా వైపు ముసలివాళ్లందరికీ తెలిసిన పద్ధతే. దాన్ని విమానం టికెట్‌కు ముడిపెట్టవచ్చని అక్క కంటే ముందు ఎవరికీ తోచినట్టు లేదు.

"గంత దూరం పోయెటోనికి పక్కిల్లు సాలుతదా?" అంది హన్మవ్వ.

"సాలది. అందుకే మూట, మనిషి రెండూ మా ఇంటికి రావాలె. ఊరు దాటినట్టయితది."

"మల్ల ఎనుకకు రావద్దు మరి."

"రాడు. తలుపుకు అడ్డంగ నేనే పండుకుంట."

అలా కుదిరింది. తర్వాతి ఏళ్లలో మా ముందుగదిలో ఎప్పుడూ ఎవరిదో ఒక సంచి ఉండేది. జనం వద్దనుకునే రోజుల్లో చవకగా దొరికే టికెట్లను అక్క ఎందరికో అట్లా అందించింది.

రాజేశ్వర్ సోమవారం వచ్చాడు. మంగళవారం పొద్దున సంచి సర్దుకుంటూ దాన్నంతా కింద కుమ్మరించాడు. పాస్‌పోర్టు లేదు. బయలుదేరేముందు హన్మవ్వ దాన్ని దేవుని గూట్లో పెట్టి హారతి ఇచ్చింది. తిరిగి తీయడం ఇద్దరూ మరిచారు.

"ఆటోల పొయ్యొస్త" అని చెప్పులు వేసుకున్నాడు.

"మీ కడప తొక్కితివా, పరస్తానం పోయినట్టే" అంది అక్క.

నేను తెస్తానన్నాను. అక్క వద్దంది. "ఆమెనే తేవాలె తమ్మీ. ఆమె చేత్తోనే ఇయ్యాలె" అని, వాళ్ల ఇంటి పక్క కిరాణా దుకాణానికి ఫోన్ చేసింది. పాస్‌పోర్టు ఎవరైనా తేగలరు. కొడుకును పంపవలసింది మాత్రం ఆ తల్లే. మా అక్క సంగతి చెప్పమంటే నేను ముందు ఈ మాటే చెబుతాను.

మధ్యాహ్నం బస్సులో హన్మవ్వ దిగింది. కొంగులో చుట్టిన పాస్‌పోర్టు మీద కుంకుమ అంటుకుని ఉంది.

"దేవునికి సూపెట్టిన. దేవుడు అట్టిపెట్టుకున్నడు."

"దేవునికి షార్జాల ఏం పనుందో" అంటూ అక్క పొడిగుడ్డతో కుంకుమ తుడిచి, పాస్‌పోర్టును మళ్లీ హన్మవ్వ చేతికే ఇచ్చింది. హన్మవ్వ దాన్ని కాసేపు పట్టుకుని నిలబడింది. తర్వాత కొడుకు చేతిలో పెట్టింది.

"పో బిడ్డా."

సాయంత్రం అతను హైదరాబాద్ బస్సెక్కాడు. హన్మవ్వ ఊరికి పోలేదు. బుధవారం పొద్దుటి నుంచి అక్క ఇంటర్నెట్ దుకాణంలో బెంచీ మీద కూర్చుంది. అన్నం తినమంటే ఫోన్ రానియ్యమంది. మధ్యాహ్నం ఫోన్ మోగింది. అక్క ఎత్తి, విని, హన్మవ్వ చెవి దగ్గర పెట్టింది.

"షార్జాల బయటికొచ్చిన అవ్వా. పాస్‌పోర్టు మీద ముద్దరేసి పంపిండ్రు" అన్న గొంతు నాకూ వినిపించింది.

"కాలు నొస్తుందా?"

"లేదే."

ఆమె ఇంకేమీ అడగకుండా ఫోన్ అక్కకు ఇచ్చేసింది. కొంగు తల కింద పెట్టుకుని ఆ బెంచీ మీదే ఒరిగింది. నిమిషంలో నిద్ర పట్టేసింది. ఆ తర్వాత మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్లనూ అక్క పెదవి మీద వేలు పెట్టి, చెప్పులు కిందనే విడిచి రమ్మంది.