తడవని గుడ్డలు

పంతులమ్మను కదా, పిల్లల సంగతి నాకు తెలియనిదేముంది అనుకునే రోజులవి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం. కడపలో ఆడపిల్లల బడిలో నాకు పని. ఆయనకు రాయచోటిలో ఉద్యోగం, ఆదివారం మాత్రం వచ్చి పోయేవారు. రెండున్నరేళ్ల నా కూతుర్ని వీధి చివర ఒకావిడ ఇంట్లో వదిలి బడికి పోయేదాన్ని. నేను ఆమెను అక్కా అనేదాన్ని, నా కూతురికి పెద్దమ్మ. ఇంకో ఇద్దరు పిల్లలు కూడా పగలంతా ఆమె దగ్గరే ఉండేవాళ్లు.

రోజూ పొద్దున పిల్లకు కట్టే ఐదు పాతచీర గుడ్డలు మూటగట్టి ఇచ్చేదాన్ని. సాయంత్రానికి ఐదూ తడిసి, ఉతక్కుండా, అదే మూటలో తిరిగొచ్చేవి. ఆ వాసనకు ఒళ్లు మండేది. ఒకరోజు అడిగేశాను.

"నా ఇంటికి దినానికి రెండు కడవల నీళ్లు, పంతులమ్మా. అవి బిడ్డలు తాగేదానికా, నీ గుడ్డలు ఉతికేదానికా? ఇంత పిల్లకు ఉచ్చొస్తే చెప్పేది నేర్పియ్యకుంటే ఎట్లా?"

"పొద్దంతా నీ దగ్గరుండే పిల్లకు నేనెప్పుడు నేర్పాలక్కా? గంటకోసారి నువ్వు కూసోబెడితే నేర్చుకోదా?"

"ముగ్గురు బిడ్డల్ని పెట్టుకొని గంటగంటకూ దీన్ని కాళ్ల మీద కూసోబెట్టుకుంటే పొయ్యికాడ పని ఎవురు చేస్తారు? ఉగాది లోపల నేర్పించుకో. లేకుంటే వేరే యాడన్నా చూసుకో."

వేరే ఎక్కడ చూసుకోను? పిల్లను చూసే మనిషి లేకపోతే నా ఉద్యోగం పోయినట్టే. ఆమె మీద చూపలేని కోపం చేతికందిన దాని మీద చూపించాను. ఆ సాయంత్రం పిల్ల గడప దగ్గర తడిపితే తొడ మీద రెండు వేసి, "పెద్దమ్మ ఇంట్లో ఇంకొకసారి గుడ్డ తడిపినావంటే నిన్ను ఆడనే వదిలేసి పోతా" అన్నాను. తరగతిలో నలభై మందిని బుజ్జగించే నోటితోనే అన్నాను.

నాలుగు రోజుల్లో మూడు గుడ్డలు పొడిగా వచ్చాయి. వారానికి ఐదూ పొడిగానే వచ్చాయి. అక్క మొహం చాటంత అయింది. "చూసినావా, నేను పట్టుకుంటే నేర్చుకోకుండా పోతాదా!" అంది. నేను లోపల నవ్వుకున్నాను. ఆదివారం వచ్చిన ఆయనతో, నేనంటే దానికి భయం అలాంటిది అని గొప్పలు పోయాను.

ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి. ఓ మధ్యాహ్నం నేను పోయేసరికి పిల్ల గోడకానుకుని కూర్చుంది. పెదవులు పగిలి ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది. నన్ను చూసి లేవను కూడా లేదు.

"పొద్దున్నుంచి ఏం తాగిందక్కా?"

"నీళ్లిస్తే ఒక గుక్క తాగి తల అడ్డంగా ఊపుతాంది. పది దినాలాయ. ఇంటికాడ తాగుతాందిలే అనుకుంటి."

పెద్దమ్మ ఇంట్లో తాగుతోందిలే అని నేను అనుకున్నాను. ఇంట్లో పిల్ల గ్లాసు పక్కకు నెట్టిన ప్రతిసారీ ఆ మాటే అనుకున్నాను. గుడ్డలు రోజూ చూసిన నేను పిల్లను చూడలేదు.

అక్కడే కూలబడి దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. అక్క కడవలో చెంబు ముంచి తెచ్చింది. పిల్ల పెదవులు బిగించింది. తాగు తల్లీ అని నేను, తాగు నా బంగారూ అని ఆమె, ఇద్దరం దండం పెట్టినంత పని చేశాం. నాకు ఏడుపు ఆగలేదు. నా ఏడుపు చూసి బెదిరిందో ఏమో, ఒక గుక్క మింగింది. ఆ తర్వాత చెంబు రెండు చేతులా పట్టుకుని ఊపిరి తిప్పుకోకుండా తాగింది. అక్క ఇంకో చెంబు తెచ్చింది, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచింది.

చాలాసేపటికి నా ఒడి వెచ్చగా తడిసింది. హమ్మయ్య, బతికించావు తల్లీ అనుకున్నాను. పిల్ల మాత్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి, నా చీర మీది తడిని అరచేతులతో గబగబా తుడవడం మొదలుపెట్టింది.

"వదిలేసి పోవద్దమ్మా," అంది. "ఇంగ నీళ్లు తాగను."