రెండు గంధపు చుక్కలు

మొన్న మనవరాలు తన ఫోను నా చేతికిచ్చి, నాలుగు ముక్కలు కొట్టమంది. నున్నటి అద్దం, వేలికి ఏమీ తగలదు. కొట్టింది ఒకటి, పడింది ఇంకొకటి. అది నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు.

నాకు టైపు ఇంట్లోనే వచ్చింది. చిత్తూరు కోర్టు దగ్గర అర్జీలు కొట్టే మా నాయన మీటల మీద తువ్వాలు కప్పి, "సూడబాకమ్మా, తడుముకో" అనేవాడు. ఆ మీటలు కాస్త గుంటగా, వేలిని కూర్చోబెట్టుకునేవి. ఆ విద్యతోనే ఎనభైల చివర్లో తిరుపతిలో ఒక ఆఫీసులో తాత్కాలికంగా చేరాను. నాతోపాటు టైపు కొట్టడానికి నగరి నుంచి వచ్చే ఒక అక్క ఉండేది. మగ్గాల ఇంటి మనిషి. తన అన్నం డబ్బాలో సగం ఎప్పుడూ నాదే. అంతలో కంప్యూటర్ వచ్చింది. దాని మీటలన్నీ కలిపి ఒకే పలక, పైన ప్లాస్టిక్ పొర. నొక్కామో లేదో వేలికి తెలిసేది కాదు. "ఇదేందే పాపా, అప్పడం మీద టైపు కొట్టినట్టుండాది!" అంది అక్క. దసరా సెలవులయ్యాక దీనిమీదే పరీక్ష, బాగా కొట్టినవాళ్లకే ఉద్యోగం, రెండోవాళ్లు ఇంటికి అన్నాడు ఆఫీసరు.

ఆయుధపూజనాడు మిషన్లకు బొట్లు పెట్టే పని నాది. కొత్తదాన్ని వదలడానికి మనసొప్పక, చూపుడు వేళ్లు ఆనే రెండు మీటల మీద గంధం చుక్కలు పెట్టాను. భక్తే తప్ప వేరే ఆలోచన లేదు. పరీక్షనాటికి అవి ఎండి గరుకెక్కాయి. వేళ్లు చోటు తప్పలేదు, కాగితం తప్పుల్లేకుండా వచ్చింది. అప్పుడు చూశాడు ఆఫీసరు. "ఏందమ్మా, దీనిక్కూడా బొట్లా? తుడిసెయ్!" కొంగు తడిపి తుడిచాను. తుడుస్తూంటే తెలిసింది, నన్ను గట్టెక్కించింది అవేనని. తర్వాత కూర్చోవలసింది అక్క. "వద్దు సార్, ఉండనీండి" అనడానికి నోరు రాలేదు.

అక్క వేళ్లు ఒక మీట పక్కకు జరిగి కూర్చున్నాయి. పేజీ అంతా పిచ్చిరాతే. "మగ్గం మీద కండ్లు మూసుకొని దారం అతికిస్తా గదే, ఈడ నా యేళ్లకు కండ్లు పోయినాయి సూడు" అని నవ్వింది. వెళ్లేముందు అన్నం డబ్బా మొత్తం నా ముందు పెట్టి, "తిను పాపా, నాకు ఆకలిగా లేదు" అంది.

ఆ సాయంత్రం అలిపిరిలో కొబ్బరికాయ కొట్టాను. స్వామి ఇచ్చిన అన్నం ఇన్నేళ్లు తిన్నాను, దణ్ణం పెట్టని రోజు లేదు. ఆ దణ్ణంలో అక్క ముఖం కనబడని రోజూ లేదు. కాలం ఎన్నిటినో అరగదీసి నున్నగా చేసింది గానీ, ఈ రెండు వేళ్ల కొసల్లో ఆ గరుకు మాత్రం అలాగే ఉంచింది.