అత్తగారు కుట్టిన సంచులు

మా ఊళ్లో పల్చటి ప్లాస్టిక్ కవర్లు నిషేధించిన ఏడాది, సంచులు కుట్టమని మా అత్తగారికి సలహా ఇచ్చింది నేనే. రావులపాలెం సెంటర్లో కూరలు కవర్లో వేసిస్తే జరిమానా అనేసరికి జనం సంచుల కోసం వెతుక్కుంటున్నారు. మామగారు పోయాక అత్తగారు రోజంతా అరుగు మీద ఊరికే కూర్చునేవారు. కుట్టుమిషన్ మూలన పడి ఉంది. "ఏదో ఒకటి కుట్టండి అత్తయ్యా, పొద్దుపోతుంది" అన్నాను.

ముందు యూరియా గోతాలతో మొదలుపెట్టారు. కాలువలో ఉతికి, ఆరబెట్టి కుట్టేవారు. కుట్టినవి కుట్టినట్టే అమ్ముడైపోయేవి. గోతాలు చాలక, మా ఆయన స్నేహితుడు పురుగుమందుల కొట్టు నుంచి ఖాళీ మందు గోతాల కట్ట ఒకటి పంపించాడు. తెల్లగా, గట్టిగా ఉన్నాయవి.

"వీటిని ఉతకడమెందుకమ్మాయ్, కొత్తవాటిలా ఉంటేనూ" అంటూ దులిపి పక్కన పెట్టుకున్నారు. పుర్రె బొమ్మ పైకి కనిపిస్తే ఎవరూ కొనరని తిరగేసి కుట్టారు. నేను చూశాను. నాకేమీ తోచలేదు. దారం తెగినప్పుడల్లా కొసను నోట్లో తడిపి సూదికి ఎక్కించేవారు.

నాలుగో రోజు తలనొప్పి అన్నారు. ఎండదెబ్బ అనుకున్నాం. మర్నాడు నేను స్కూల్లో పాఠాలు ముగించుకుని ఇంటికొచ్చేసరికి మిషన్ మీద ఒరిగిపోయి ఉన్నారు. ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప సూదిమొనంత అయిపోయింది.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరుగారు ఆవిడను చూడగానే నా వైపు తిరిగారు.

"ఏం మందు తాగారండీ?"

"ఏం తాగలేదండి."

"ఇంట్లో గొడవేమైనా జరిగిందా? దాచకండి, ప్రాణం మీదకొచ్చింది."

ఆ మాట వరండాలో ఉన్న మా ఆడపడుచు విన్నది. సాయంత్రానికి బంధువులందరికీ తెలిసింది. నేను కూర్చున్న బెంచీ మీంచి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. మా ఆయన మాత్రం దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మని ఏమన్నావు?" అని అడిగాడు.

మూడో రోజు ఆవిడకు తెలివొచ్చింది. "నేనేం తాగలేదురా" అన్నారు కొడుకుతో. నన్ను వెనకేసుకొస్తున్నారనుకున్నారు అందరూ. అప్పుడు, చేర్చిన రోజు ఆవిడ బట్టలు మార్చిన నర్సు అడిగింది: "ఈవిడ పొలంలో మందు చల్లుతారాండీ? జాకెట్టు చేతులనిండా పొడి ఉంది."

ఉతక్కుండా దులిపి కుట్టిన ఆ తెల్ల గోతాలు గుర్తొచ్చాయి.

బస్సెక్కి నేరుగా సెంటర్‌కి వెళ్లాను. ఎటు చూసినా ఎవరో ఒకరి చేతిలో తెల్ల సంచి. ఒకావిడ సంచిలో చెయ్యిపెట్టి పక్కనున్న పాపకు జామకాయ తీసిచ్చింది. నేను సంచి లాక్కోబోయాను.

"ఇదేంటండీ, కొనుక్కున్న సంచి!"

లోపలి పుర్రె బొమ్మ చూపించి, జరిగింది చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మందు తాగినావిడ కోడలు మీరేనా?" అని, పాప చెయ్యి పట్టుకుని గబగబా వెళ్లిపోయింది. సంచి వదల్లేదు.

చీకటి పడేదాకా తిరిగితే నాలుగు సంచులు వెనక్కొచ్చాయి. మిగిలినవి ఎవరెవరి ఇళ్లకు చేరాయో తెలియదు. అత్తగారు బతికారు గానీ కుడిచేతి వణుకు పోలేదు. ఆ తర్వాత చాలాకాలం, ఊళ్లో ఏ పిల్లకు వాంతులయ్యాయన్నా, పలకరించే నెపంతో వెళ్లి, ముందు వాళ్ల వంటింటి మేకుకు ఏం వేలాడుతోందో చూసేదాన్ని.