చెంపన చెయ్యి

మా అమ్మాయి మౌనిక బొల్లారంలోని బొమ్మలు వేయడం నేర్పే ఒక బడిలో గోడ నిండా ఒక బొమ్మ వేసింది. వేసిన నెలకే జ్వరంతో పోయింది. రోమ్ నగరంలో ఐదు వందల ఏళ్ల కిందట తడి సున్నం మీద వేసిన బొమ్మకు అది నకలు. పాతకాలపు గ్రీకు జ్ఞానులంతా మెట్ల మీద చేరి మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ చిత్రకారుడు తనకు తెలిసినవాళ్ల ముఖాలు వాళ్లకు పెట్టి, కుడి అంచున తననూ వేసుకున్నాడట. "నేను సుత గట్లనే వేసుకున్ననమ్మా, వచ్చి జూడు" అని మౌనిక ఎన్నిసార్లు పిలిచిందో. పనులున్నాయని వెళ్లలేదు. పద్నాలుగు నెలల తర్వాత, బిడ్డ ముఖం ఇంకొక్కసారి చూడాలని బయలుదేరాను.

మల్కాజ్‌గిరిలో పదింటి లోకల్ రైలు ఎక్కితే అరగంటలో బొల్లారం. టికెట్ పది రూపాయల లోపే. అక్కడి నుంచి ఆటోకు యాభై. ఎందుకు వెళ్తున్నానో చెబితే, "గోడ సూడనీకి యాభై రూపాయలా అమ్మా! మా ఇంట్ల నాలుగున్నయి, ఫ్రీగ సూపిస్త" అని ఆటో అతను నవ్వించాడు.

గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ నా పేరు అడగలేదు. నన్ను చూడగానే లేచి తాళం తీశాడు.

"గింత లేటా అమ్మా?"

"నేనెవరో తెలుసా నీకు?"

"గదేందమ్మా, రోజూ జూస్తున్న గదా."

ఆ గేటులో నేను అడుగు పెట్టడం అదే మొదలు.

హాలులో ఎవరూ లేరు. సున్నం వాసన, చల్లదనం. కుడి అంచున మౌనిక కనిపించింది, ముక్కుపుడకతో సహా. కానీ నా వైపు చూడడం లేదు. ఎటు జరిగి నిలబడినా ఆ కళ్లు పక్కకే. ఆ చూపు వెంట వెళ్లాను. మెట్ల మీద, అందరికీ దూరంగా, ఒక మనిషి చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ ముఖం నాది.

మౌనిక అలా కూర్చుంటే "ఇంటికి మంచిది కాదు, తియ్యవే" అని కసిరేదాన్ని. నేను మాత్రం ఎప్పుడూ అలా కూర్చోలేదు. బిడ్డ ఉన్నన్నాళ్లూ నాకు అంత దిగులు ఎక్కడిది? కళ్ల కింద నలుపు కూడా వేసింది. అది నాకు ఈ ఏడాదే వచ్చింది.

ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. "అచ్చం గట్లనే కూసున్నరమ్మా" అన్నాడు వాచ్‌మన్ తలుపు దగ్గర నుంచి. అప్పుడు చూసుకున్నాను, చెయ్యి చెంపకే ఉంది. చటుక్కున తీసేశాను. గోడ మీది ఆమె తియ్యలేదు.

భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ ఇంట్లో ఒక్కదాన్నే ఏడుస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను వెళ్లకపోయినా నా బిడ్డ నన్ను చూస్తూనే ఉంది.

మీరు వెళ్తే మధ్యాహ్నం రెండు లోపే వెళ్లండి, తర్వాత వెలుతురు ఉండదు. ముందు కుడి అంచుకు వెళ్లండి. ఆ పిల్ల మీ వైపు చూడదు. ఏమీ అనుకోకండి.