చీమలు కట్ట విడిచిన రోజు

చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు తీరితే వాన ఖాయమని మా పెదనాన్న అనేవాడు. ఆయన ఆ మాటంటే చాలు, త్రిపురారం పక్కన మా ఊళ్లో ఫోన్లో వాతావరణం చూసుకునేవాళ్లు కూడా టార్పాలిన్ పట్టాలు వెతుక్కునేవాళ్లు. తూనీగలు కిందికి దిగి తిరిగినా, గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చినా ఆయన చెప్పింది తప్పేది కాదు. నాకు అదంటే ఎంతో గర్వం. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

మొన్నటి వానాకాలం పంట కోసి, అన్నదమ్ములిద్దరి వడ్లూ సాగర్ కాలువ కట్ట కింద కల్లంలో ఒకే రాశిగా పోశారు. మా రెండిళ్ల ఏడాది బతుకు ఆ రాశిలోనే ఉంది. పొద్దున చూస్తే కట్టలోంచి నల్లచీమలు గుడ్లతో బయటపడి తుమ్మచెట్టు ఎక్కుతున్నాయి. ట్రాక్టర్ పిలిచి వడ్లను మిట్ట మీదికి మారుద్దామన్నాడు నాన్న.

"తొవ్వ నడిమిట్ల వానొస్తే అన్నీ తడుస్తయిరా. గీడనే కప్పుదాం," అన్నాడు పెదనాన్న.

పట్టాలు కప్పి, తాళ్లు బిగించి, అందరం మొహాలు పైకెత్తి కూర్చున్నాం. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మధ్యాహ్నం కట్ట తెగింది. లోపల నీరు ఊరి నెమ్మెక్కిన కట్టను విడిచి చీమలు పారిపోతున్నాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. నీళ్లు రాశిని అడుగు నుంచి కోసి, పట్టాలతో సహా పొలాల్లోకి ఈడ్చుకుపోయాయి.

నాన్న పార తిప్పి పట్టుకున్నాడు.

"నీ చీమలు మన్నువడ," అంటూ దాని కర్ర కామతో పెదనాన్న తల మీద కొట్టాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టలేదు. నెత్తురు కంట్లోకి కారుతుంటే బురదలో కూర్చుండిపోయాడు. పార మళ్లీ లేచేసరికి నేను నాన్న మణికట్టు పట్టుకుని కొరికాను. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలినా వదల్లేదు. పార కింద పడింది.

"తాళ్లు గట్టింది నువ్వు గాదా నాయినా?" అన్నాను.

మిర్యాలగూడ దవాఖానలో డాక్టర్ దెబ్బ ఎట్లా తగిలిందని అడిగాడు.

"కట్ట మీదికెల్లి జారి పడ్డ సార్," అన్నాడు పెదనాన్న.

"నేనే గొట్టిన," అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

"పంట వొయ్యింది సార్. మతి లేక ఏందేందో అంటుండు. మీరు కుట్లు ఎయ్యుండ్రి," అన్నాడు పెదనాన్న.

డాక్టర్ కుట్లు వేసి వెళ్లాక నాన్న మంచం పక్కన నేల మీద కూలబడి, అన్న పాదాలు పట్టుకోబోయాడు. పెదనాన్న కాళ్లు ముడుచుకుని గోడవైపు తిరిగాడు.